పాట పక్షం - పాట ధర
('రిపీటర్' ఆల్బమ్‌పై ఒక పరిశీలన)

ఒక పాట ఎవరి పక్షాన ఉందో తేల్చటానికి మన విమర్శకి బాగా అలవాటైన దారి ఒకటుంది. ముందు వస్తువేమిటో చూస్తాం. ఆ వస్తువుని కవి ఏ దృక్పథంతో చూశాడో పరిశీలిస్తాం. ఆ దృక్పథానికి శిల్పం ఎంతవరకు తోడ్పడిందో బేరీజు వేసి తీర్పు చెబుతాం. ఇరవై ఏళ్లుగా నేనూ ఈ పద్ధతిలోనే సమీక్షలు రాస్తున్నాను. ఈ పద్ధతి తప్పని ఇప్పుడు కూడా అనను. అయితే ఇది చాలదని, ఇందులోంచి ఒక ముఖ్యమైన ప్రశ్న మొదటినుంచీ జారిపోతూ వచ్చిందని నాకు తెలియజెప్పింది మాత్రం ఏ తెలుగు పుస్తకమూ కాదు, 1990లో అమెరికాలో వెలువడిన ఒక రాక్ సంగీతపు ఆల్బమ్. దాని పేరు 'రిపీటర్'. పాడిన బృందం 'ఫుగాజీ'.

ఈ మాట సాహిత్య మిత్రుల మధ్య అన్నప్పుడు ఒక పెద్దాయన నవ్వి, "మాస్టారూ, ఆ గిటార్ల గోలతో మనకేం పని? కుళ్లిపోతున్న సమాజం పెట్టే కేకలవి" అన్నారు. అక్కడే ఉన్న ఒక యువ మిత్రుడు, "కాదండీ, వాళ్లు కంపెనీల్ని ధిక్కరించిన విప్లవకారులు" అని అడ్డుపడ్డాడు. ఈ రెండు తీర్పులూ ఆల్బమ్ వినకుండానే చెప్పవచ్చు. అదే వాటితో చిక్కు. మొదటిది సంగీతం పుట్టిన దేశాన్ని చూసి తీసిపారేస్తుంది. రెండోది కళాకారుల వ్యక్తిగత నిజాయితీని చూసి దణ్ణం పెడుతుంది. పాటకీ, ఆ పాటని తయారుచేసి జనానికి అందించిన ఉత్పత్తి సంబంధాలకీ మధ్య ఉన్న ముడిని రెండూ విప్పి చూడవు.

ముందు ఆ ముడి ఎక్కడ పడిందో చూద్దాం. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1980లో 'టీన్ ఐడిల్స్' అనే కుర్రాళ్ల బృందం ఒకటి విడిపోయింది. ఏడాదిపాటు చేసిన చిన్నచిన్న కచేరీల మీద వచ్చిన డబ్బు పంచుకోకుండా కూడబెట్టారు. అది దాదాపు 600 డాలర్లు. ఆ డబ్బుతో తమ పాటలు వేయి కాపీలు రికార్డుగా వేయించారు. అట్టల్ని తామే కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అంటించారు. దానికోసం పెట్టుకున్న సంస్థ పేరు 'డిస్కార్డ్'. దాన్ని నిలబెట్టిన వాళ్లలో ముఖ్యులు ఇయాన్ మెకై, జెఫ్ నెల్సన్. ఆ సంస్థ తన ఊరి బృందాల పాటల్నే ప్రచురించాలని నియమం పెట్టుకుంది. కళాకారులతో రాతపూర్వకమైన ఒప్పందాలు రాసుకోలేదు. ఖర్చులు పోను మిగిలిన లాభం బృందానికి సగం, సంస్థకి సగం. పెద్ద రికార్డు కంపెనీలు ముందస్తు సొమ్ము ఇచ్చి, తరవాత ఏళ్ల తరబడి కళాకారుణ్ణి బాకీదారుగా కట్టిపడేసే వ్యాపారంలో ఈ సగం సగం లెక్క చిన్న విషయం కాదు. పాలేరు జీతం ముందుగా తీసుకుని, ఆ అప్పు తీరక ఆ ఇంటికే అంటిపెట్టుకున్న కథలు చదివిన మనకి ముందస్తు సొమ్ము మహిమ వేరే చెప్పనవసరం లేదు.

ఫుగాజీ తొలి కచేరీ 1987 సెప్టెంబరులో జరిగింది. కొంతకాలానికి బృందం నలుగురితో స్థిరపడింది. మెకై, గై పిచియోటో గిటార్లు వాయిస్తూ పాడతారు. జో లాలీది బేస్ గిటారు, బ్రెండన్ కాంటీది డ్రమ్స్. బృందం పేరు వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికుల యాస నుంచి తీసుకున్నది. మాటు దాడిలో చిక్కి, చచ్చి, సంచిలో మూటకట్టబడిన వాడి స్థితిని చెప్పే మాట అది. తమ రాజ్యం చేసిన అన్యాయపు యుద్ధం నుంచి, అదీ ఓడిపోయిన సిపాయి నోటి నుంచి పేరు ఎన్నుకోవడం వట్టి వింతకోసం చేసిన పని కాదు.

'రిపీటర్' వాళ్ల మొదటి పూర్తి ఆల్బమ్. 1989లో వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లోని ఇన్నర్ ఇయర్ స్టూడియోలో రికార్డు చేశారు. ఇంటి నేలమాళిగలో మొదలైన స్టూడియో అది. ఆల్బమ్‌లో పదకొండు పాటలున్నాయి. అందులో ఒకటి మాటలు లేని వాద్యం.

వస్తువు సంగతి చూద్దాం. పేరు పెట్టిన పాటనే తీసుకుంటే, దాని వెనక 1989 నాటి వాషింగ్టన్ ఉంది. మత్తుమందుల వ్యాపారం, తుపాకులు వీధుల్ని ఏలుతున్న రోజులవి. ఆ ఒక్క ఏడాదిలో ఆ నగరంలో 400కి పైగా హత్యలు జరిగాయి. చచ్చిపోయిన వాళ్లలో అత్యధికులు నల్లజాతి యువకులు. పాటలో రెండు గొంతులున్నాయి. ఒకటి, ఉద్యోగం చేసుకోమని నీతి చెప్పే లోకానికి ఎదురు మాట్లాడి, చివరికి లెక్కల్లో ఒక అంకెగా మిగిలిపోయిన కుర్రవాడిది. రెండోది, బయట తుపాకి చప్పుడు విని కిటికీకి దూరంగా జరిగే మధ్యతరగతి ఇంటిది. ఈ రెండో గొంతు ఉండటమే ఈ పాట విశిష్టత. పాడుతున్నవాళ్లు తెల్లజాతి యువకులు. చచ్చిపోయినవాడి దుఃఖాన్ని పూర్తిగా తమదిగా చేసుకుని పాడి ఉంటే అది అబద్ధమయ్యేది. తాము ఉన్నది కిటికీకి లోపలివైపునని వాళ్లు దాచుకోలేదు. దళితుల బాధని దళితేతరులు రాయడం గురించి మన దగ్గర జరిగిన చర్చలు తెలిసినవారు ఈ నిజాయితీకి విలువ కడతారు.

'మర్చండైజ్' అనే పాట సరుకుల గురించి. మనిషి విలువని అతని ఇంట్లోని వస్తువుల జాబితాతో కొలిచే సమాజాన్ని అది తిరస్కరిస్తుంది. సరుకు మనిషిని క్రమశిక్షణలో ఉంచే పనిముట్టుగా మారిందనే గ్రహింపు అందులో ఉంది. 'గ్రీడ్' పేరుకు తగ్గట్టు దురాశ మీద, రెండు నిమిషాలు కూడా లేని అరుపు. 'బ్లూప్రింట్' అమ్మేవాణ్ణి వదిలి కొనేవాణ్ణి నిలదీస్తుంది. 'స్టైరోఫోమ్' మనుషుల్లో పేరుకున్న ద్వేషం గురించి. ఆఖరి పాట 'షట్ ద డోర్' మత్తుమందుకి బలైన ఒక ప్రాణం గురించి.

ఇక్కడ నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి. 'స్టైరోఫోమ్'లో ద్వేషం అందరిలోనూ ఉందనే ధోరణి కనిపిస్తుంది. ఈ 'అందరూ' అనే మాట ఎప్పుడూ అనుమానించదగ్గది. ద్వేషించేవాడినీ ద్వేషానికి గురయ్యేవాడినీ ఒకే వాక్యంలో కూర్చోబెడితే పాపం సమానంగా పంపిణీ అవుతుంది, బాధ్యుడు మాయమవుతాడు. 'బ్లూప్రింట్'లోనూ ఇదే లోపం. కొనేవాడికి ఆత్మపరీక్ష అవసరమే. కాని దేన్ని, ఎంత, ఎవరి శ్రమతో తయారుచేయాలో నిర్ణయించేది కొనేవాడు కాడు. ఆ నిర్ణయం పెట్టుబడిది. సరుకుల సమాజాన్ని కొనుగోలుదారుడి నైతిక బలహీనతగా చూపితే, ఫ్యాక్టరీ గేటు కథలోంచి తప్పుకుంటుంది. పదకొండు పాటల్లో పనిచేస్తూ కనిపించే కార్మికుడు ఒక్కడూ లేడు. ఈ దృక్పథానికి మూలం మెకై అంతకుముందు నడిపిన 'మైనర్ థ్రెట్' బృందం రోజుల్లోనే ఉంది. తాగను, మత్తు తీసుకోను అనే వ్యక్తిగత నియమాన్ని ఆ రోజుల్లో అతను పాటగా కట్టాడు. వ్యక్తి శుభ్రపడితే సమాజం శుభ్రపడుతుందనే భావన మధ్యతరగతికి ఎప్పుడూ ఇష్టమైనదే.

వస్తువు మాత్రమే చూసి ఇక్కడ ఆగిపోతే నా తీర్పు సులువుగా ఉండేది: వ్యవస్థ మీద కోపం ఉంది, వర్గ దృష్టి లేదు, సంస్కరణవాద పరిధి దాటలేదు. గతంలో ఇలాంటి తీర్పులు నేను చాలా రాశాను.

కాని శిల్పం దగ్గరకి వస్తే ఈ తీర్పు కాస్త కదులుతుంది. రాక్ సంగీతంలో గిటారు వాయించేవాడు తరచుగా కథానాయకుడు. మిగతావాళ్లు వెనక్కి తగ్గి, అతనొక్కడి ప్రతిభని ప్రదర్శనకి పెడతారు. ఈ ఆల్బమ్‌లో ఆ ప్రదర్శన లేదు. రెండు గిటార్లు ఒకదాన్నొకటి ప్రశ్నిస్తూ, అడ్డుకుంటూ నడుస్తాయి. మెకై గొంతు నినాదంలా సూటిగా తగులుతుంది. పిచియోటో గొంతు మెలికలు తిరుగుతూ, అనుమానిస్తూ సాగుతుంది. చాలాచోట్ల పాటని నడిపించేది గిటారు కాదు, జో లాలీ బేస్. జమైకా రెగ్గే సంగీతపు నడక దాంట్లో స్పష్టంగా వినిపిస్తుంది. హఠాత్తుగా వాద్యాలన్నీ ఆగిపోయే చోట్లున్నాయి. ఆ నిశ్శబ్దం కూడా నలుగురూ కలిసి వాయించినదే. మొదటి పాట 'టర్నోవర్' గిటారు శబ్దం మెల్లగా ఉబ్బుతూ పైకి లేవటంతో మొదలవుతుంది. ఆఖరి పాటలో దాదాపు గుసగుసగా ఉన్నది ఒక్కసారిగా పగులుతుంది. పాటల కర్తృత్వం కూడా నలుగురి పేరా ఉంది. మాటల్లో వ్యక్తివాదం, నిర్మాణంలో సమష్టితత్వం: ఈ వైరుధ్యం ఆల్బమ్ అంతటా ఉంది.

ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవాలంటే రికార్డు తిప్పి, అట్ట వెనక చూడాలి. వాల్టర్ బెంజమిన్ 1934లో 'ఉత్పత్తిదారుగా రచయిత' అనే ప్రసంగ పాఠంలో విమర్శకులు అడగాల్సిన ప్రశ్ననే మార్చాడు. ఒక రచన తన కాలపు ఉత్పత్తి సంబంధాల గురించి ఏమంటోంది అని అడిగేముందు, ఆ సంబంధాల్లో అది ఎక్కడ నిలబడి ఉంది అని అడగాలన్నది అతని వాదన సారాంశం. విప్లవ భావాలని సైతం బూర్జువా ప్రచురణ యంత్రాంగం హాయిగా జీర్ణం చేసుకోగలదని అతనికి తెలుసు. ఈ ప్రశ్న 'రిపీటర్'ని అడిగితే జవాబు పాటల్లో కాక మరోచోట దొరుకుతుంది.

డిస్కార్డ్ సంస్థ తన రికార్డుల మీద ధరని అచ్చువేసేది, దుకాణదారుడు పెంచి అమ్మకుండా. ఫుగాజీ కచేరీ టికెట్టు 5 డాలర్లు ఉండేలా పట్టుబట్టేవారు. ఏ వయసువారైనా లోపలికి రావచ్చు. ఇది దయాగుణం కాదు, లెక్క. అమెరికాలో ఇలాంటి కచేరీలు ఎక్కువగా మద్యం అమ్మే చోట్ల జరుగుతాయి. అందువల్ల చిన్నవయసు వాళ్లకి తలుపులు మూసుకుపోతాయి. వీళ్లు చర్చి హాళ్లు, సామాజిక భవనాలు వెతుక్కుని పాడారు. మేనేజరు లేడు. కచేరీలు కుదిర్చే పని మెకై స్వయంగా చేసేవాడు. మధ్యలో తినేవాళ్లని తీసేస్తే 5 డాలర్లు సరిపోతాయని చేసి చూపించారు. బృందం పేరుతో చొక్కాలు, బొమ్మలు అమ్మలేదు. సరుకుల మీద పాట పాడి, బయట బల్లమీద సరుకు పరిచే కపటం వాళ్లలో లేదు. కచేరీలో తోటివాళ్లని కొట్టి, తోసి హింస చేసేవాణ్ణి బయటికి పంపేవారు. పంపుతూ అతని 5 డాలర్లు అతనికి తిరిగి ఇచ్చేసేవారు.

తమ ఊరిలో చేసే కచేరీలని 'పాజిటివ్ ఫోర్స్' అనే యువజన బృందంతో కలిసి సామాజిక సంస్థల సహాయార్థమో, నిరసనగానో చేయడం వాళ్ల పద్ధతి. 1991 జనవరి 12న, గల్ఫ్ యుద్ధం మొదలవటానికి కొద్దిరోజుల ముందు, వైట్‌హౌస్ ఎదురుగా ఉన్న లఫాయెట్ పార్కులో చలిలో నిలబడి పాడారు. ఇళ్లులేని వాళ్ల దుస్థితికీ, రాబోతున్న యుద్ధానికీ వ్యతిరేకంగా జరిగిన సభ అది. ఆల్బమ్‌లో కనిపించని రాజ్యం, ఆ సభలో రోడ్డుకి అవతలివైపున ఉంది.

కాబట్టి నా మొదటి తీర్పు సగమే నిజం. పాటల మాటల్లో కొరవడిన రాజకీయం వాటి ధరలో ఉంది. టికెట్టులో ఉంది, తలుపు దగ్గర ఉంది. మాటలు వ్యక్తిని నిలదీస్తుంటే, ఆచరణ వ్యవస్థని పక్కకి నెట్టి చూపించింది.

అంతమాత్రాన యువ మిత్రుడి తీర్పు గెలిచినట్టు కాదు. డిస్కార్డ్ వాళ్లది సొంత మగ్గం ఉన్న నేతగాడి స్వాతంత్ర్యం. మగ్గం సొంతమే, నేత సొంతమే. కాని నూలు ఎక్కడిది? సంత ఎవరిది? రికార్డులు అచ్చువేసే కర్మాగారం వాళ్లది కాదు. 1980ల నడుమ నుంచి రికార్డుల తయారీలో, పంపిణీలో లండన్‌కి చెందిన సదర్న్ సంస్థ అండగా నిలబడింది. అదీ స్వతంత్ర సంస్థే అయినా, ఒంటరిగా నిలవడం అసాధ్యమని ఆ పొత్తే చెబుతోంది. చిన్న ఉత్పత్తిదారు నిజాయితీగా బతకవచ్చు, దోపిడీ చేయకుండా బతకవచ్చు. కాని అతని నిజాయితీ మార్కెట్టుని రద్దు చేయదు. మార్కెట్టు అతని పక్కనుంచి ప్రవహిస్తూనే ఉంటుంది.

అలాగే ప్రవహించింది కూడా. 1991 సెప్టెంబరులో 'నిర్వాణ' బృందం 'నెవర్‌మైండ్' ఆల్బమ్ ఒక పెద్ద కంపెనీ ద్వారా వచ్చి లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ దెబ్బతో 'ఆల్టర్నేటివ్', అంటే ప్రత్యామ్నాయం, అనే మాట దుకాణంలో ఒక అరకి పేరైపోయింది. దేనికి ప్రత్యామ్నాయమో అడిగే అవసరం లేకుండా పోయింది. పెట్టుబడి తన విమర్శకుల్ని జైల్లో పెట్టటమే కాదు, వాళ్లకి మంచి ధర కూడా ఇస్తుంది. రెండోది ఎక్కువ పనిచేస్తుంది. ఆ సంతలో ఫుగాజీకీ పెద్ద బేరాలు వచ్చాయి. వాళ్లు డిస్కార్డ్‌ని వదల్లేదు.

2007 అక్టోబరులో ఇంగ్లండుకి చెందిన 'రేడియోహెడ్' బృందం, కంపెనీతో ఒప్పందం ముగిసిపోయాక, 'ఇన్ రెయిన్‌బోస్' ఆల్బమ్‌ని తామే ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరికి తోచినంత వాళ్లు ఇవ్వండి అన్నారు. లోకమంతా దాన్ని విప్లవమని కొనియాడింది. మంచి ప్రయోగమే. కాని అంతకుముందు ఏళ్లపాటు పెద్ద కంపెనీ ప్రచారం పెంచిన కీర్తి వాళ్లకి మూలధనంగా ఉంది. ఆ కీర్తి లేని బృందం ఇలా ధరని గాలికి వదిలేస్తే ఆకలే మిగులుతుంది. ఫుగాజీ చేసింది వేరు. ధర ఇంత అని ముందే చెప్పి, దాన్ని నిలబెట్టి, ఆ ధరలో బతకటానికి తమ జీవితాన్ని కుదించుకున్నారు. ఒకటి ఒక సందర్భంలో చూపిన ఔదార్యం, రెండోది ఏళ్ల తరబడి సాగిన క్రమశిక్షణ. ఫుగాజీ 2002 తరవాత వేదిక ఎక్కలేదు. 2011లో తమ పాత కచేరీల రికార్డింగులని వరసగా అందుబాటులోకి తెచ్చినప్పుడు ఒక్కొక్కదానికి వాళ్లు సూచించిన వెల మళ్లీ 5 డాలర్లే. అంత ఇచ్చుకోలేనివారు 1 డాలరు ఇచ్చినా చాలన్నారు.

దీన్నంతా మన దగ్గరకి తెచ్చి అతికించాలని నా ఉద్దేశం కాదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, 1972లో పుట్టిన జననాట్యమండలి పాటని జనంలోకి తీసుకుపోయిన తీరు వేరు. అక్కడ పాట వెనక నిర్మాణం ఉంది, ఉద్యమం ఉంది. వినేవాడు టికెట్టు కొన్నవాడు కాదు, రేపు ఊరేగింపులో పక్కన నడవబోయేవాడు. ఫుగాజీకి అటువంటి నిర్మాణం లేదు. వాళ్ల ప్రయోగం వాళ్లతోనే నిలిచిపోవటానికి అదొక ముఖ్య కారణం. ఈ తేడాని మరిచి పొగిడితే పొరపాటు.

కాని మనకున్న ఆ వారసత్వం మన పుస్తకాల్లో ఎంతవరకు మిగిలింది? ఇక్కడ నా తప్పు నేను చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట వలసకూలీల మీద ఒక కవితా సంపుటి ఆవిష్కరణ సభలో నేను మాట్లాడాను. సభ జరిగింది చల్లటి హోటల్ హాలులో. ఖర్చు భరించినది స్థలాల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి. ఆయన వేసే ప్లాట్లలో పనిచేసేది ఆ కవితల్లోని కూలీలే. దళసరి అట్ట, నున్నటి కాగితం, వెల 250 రూపాయలు. కవితలు నిజంగా బాగున్నాయి. వస్తువు గురించి, ప్రతీకల గురించి అరగంట మాట్లాడాను. అచ్చుఖర్చు ఎవరిచ్చారో, ఆ వెలకి ఎవరు కొనగలరో, ఆ వేదిక మీద నాకు శాలువా ఎవరి చేతులమీదుగా కప్పారో నా ప్రసంగంలో లేదు. తరవాత అచ్చయిన నా సమీక్షలో కూడా లేదు. కవి నిబద్ధతని నేను శంకించడం లేదు. ఆ ప్రశ్నలు సాహిత్య విమర్శకి బయటివి అనుకున్న నా విమర్శనే శంకిస్తున్నాను.

'రిపీటర్' గొప్ప విప్లవ కళాఖండమని నేను అనను. దాని మాటల్లో పరిమితులున్నాయి, వాటిని పైన చెప్పాను. అయినా అది విన్నాక, పుస్తకం చేతికి రాగానే ముందుమాట కన్నా ముందు వెనక అట్ట చూడటం నాకు అలవాటైంది. వెల ఎంత, అచ్చు వేయించింది ఎవరు, దొరికేది ఎక్కడ అని చూస్తున్నాను. ఇవి గుమాస్తా ప్రశ్నలని కొందరు మిత్రులు అనవచ్చు. రచన ఏ వర్గానికి చేరాలని కోరుకుంటోందో అట్ట లోపల ఉంటుంది. నిజంగా ఏ వర్గానికి చేరబోతోందో అట్ట వెనక ఉంటుంది. ఈ రెండూ కలవని చోట విమర్శకుడు నోరు విప్పకపోతే, నోరు మూసుకున్నందుకు కూడా అతనికి ఎక్కడో ఒక వెల ముట్టిందనే అనుకోవాలి. నాకు ముట్టినది ఒక శాలువా.